కావడికి రెండు పక్కలు

జగదల్‌పూరు, బస్తరు రాజ్యం.

నా పేరు రామక్క. గోదావరి ఒడ్డున చర్లలో వ్యవసాయం చేసి కాలం చేసిన ముత్తయ్య భార్యను. వయసు డెబ్బయి అని రాయమన్నాను. రాసే ఆయన నా మొహం చూసి ఇంకా ఎక్కువ వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ప్రస్తుతం జగదల్‌పూరులో మనవడు రాఘవులుతో కాపురం. ఇంట్లో మేమిద్దరం, ఒక ఆవు, రెండు కోళ్లు. నాకు చదువు రాదు. పక్కింటి దర్జీ వీరాస్వామి నా నోటి వెంట వచ్చింది వచ్చినట్టు రాస్తున్నాడు. ఇతనిదీ భద్రాచలం పక్క ఊరే. నా మాటలకు మెత్తని గుడ్డ చుట్టి పంపనని అతని చేత ముందే ఒట్టు వేయించుకున్నాను.

తమ్ముడు కోటయ్యకు, అక్క దీవించి చెప్పిస్తున్న సంగతులు. నీ ఒంట్లో ఎట్లా ఉంది? మరదలి మోకాళ్లు ఈ చలికి ఎట్లా ఉన్నాయి? ఆవనూనె కాచి రాయమను, ఇక్కడ అందరూ అదే రాస్తారు, నాకూ పనిచేసింది. మన మేనత్త ఇంకా తాంబూలం దంచుకుని వేసుకుంటున్నదా? ఎర్రావు ఈనిందా? ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. దిగులు పడవద్దు.

ఇంతవరకూ క్షేమం. ఇక నీతో పోట్లాట.

నీ ఉత్తరం అందింది. నీ కొడుకు కూతురు సీతాలును రాఘవులుకు ఇవ్వాలని వాళ్లు ఉయ్యాల్లో ఉన్నప్పుడే అనుకున్నాం. వరసైన పిల్ల. ఆ మాట ఇప్పుడు నువ్వు మెలిపెట్టావు. గోదావరి గట్టున కలప డిపోలో గుమాస్తా పని కుదిర్చానన్నావు. ఉగాదిలోపు వాడు బడి మానేసి ఆ పనిలో చేరితేనే పిల్లను ఇస్తానన్నావు. లేకపోతే వేరే సంబంధం చూస్తానన్నావు. రాఘవులే చదివి వినిపించాడు. చదివి, మడిచి, ఆ పూట అన్నం కెలికి లేచాడు.

"ఏందిరా, ఏమంటావు?" అన్నాను.

"తాతయ్య మాటకు ఎదురు నేనెట్లా రాస్తా, నాయనమ్మా? నువ్వే ఏదో ఒకటి తేల్చు," అన్నాడు.

అందుకని తేలుస్తున్నాను. ఇది నువ్వొక్కడివే గదిలో కూర్చుని చదువుకుని సంచిలో వేసుకోవద్దు. వసారాలో అందరి ముందూ చదువు. సీతాలు కూడా వినాలి.

వాడి చదువు ఎట్లా సాగిందో నువ్వు మరిచిపోయినట్టున్నావు. వాడి తల్లీ తండ్రీ ఒకే వానాకాలం జ్వరాల్లో పోయారు. అప్పటికి వాడు పలక మీద అంకెలు దిద్దుతున్నాడు. నీ పడవలో ఎక్కించుకుని భద్రాచలం బడిలో దింపి వచ్చింది నువ్వే. ఆ పుణ్యం నీది, నేను కాదనను. తరువాత రాజమండ్రి చదువన్నప్పుడు మాత్రం, "ముసలిదానివి, పట్నంలో ఎట్ల బతుకుతవే అక్కా?" అన్నావు. బతికాను. ఒక సత్రం వెనక అటుకులు దంచాను. నేను రోకలి వేస్తుంటే వాడు పక్కన కూర్చుని లెక్కలు గట్టిగా చదివేవాడు. అర్థం కాకపోయినా వినడానికి బాగుండేది. లెక్కల్లోనే బి.ఏ. ప్యాసయ్యాడు, పంతుళ్ల ట్రైనింగూ పూర్తిచేశాడు. ఆ పైన మన వైపు ఏ బడి గడప తొక్కినా ఖాళీ లేదన్నారు. ఇక్కడి రాజ్యం హైస్కూలుకు లెక్కల మాస్టరు కావాలని పేపరులో పడితే అర్జీ పెట్టాడు. పిలుపు వచ్చింది.

కోంట దగ్గర శబరి దాటి, సుక్మా మీదుగా ఎద్దుబండిలో వచ్చాం. దారి పొడుగునా అడవే. బడిలో అంతా హిందీ అట, వాడికి హిందీ రాదు. బండిలో కూర్చుని వాచకం బట్టీ పట్టాడు, బండివాడి దగ్గర నోటి మాట నేర్చుకున్నాడు. దానివల్ల ఏమైందంటే, వాడికి ముందుగా ఎద్దులను అదిలించే మాటలు వచ్చాయి. మొదటి రోజు తరగతిలో ఒక పిల్లవాణ్ణి ఆగమనడానికి ఎద్దును ఆపే మాట వాడాడట. ఆ నవ్వు వారం రోజులు ఆగలేదు.

నాకూ మొదట్లో బాగా లేదు. వానాకాలం ఇక్కడ ఒకసారి పట్టిందంటే వదలదు. గోడలు చెమ్మగిల్లి, ఉప్పు నీరై, పిడకలు అంటుకోక ఏడిపించాయి. తెలుగు మాట్లాడడానికి ఈ దర్జీ తప్ప మనిషి లేడు. అతనికి నోట్లో ఎప్పుడూ దారం. ఆవుతో మాట్లాడేదాన్ని. ఇప్పుడు ఫర్వాలేదు, సంతలో బేరానికి సరిపడా ఇక్కడివాళ్ల హల్బీ, కొంచెం హిందీ వచ్చేశాయి, తిట్లు అంతకు ముందే వచ్చాయి. చింతపండు మన దగ్గరకంటే ఇక్కడిదే పులుపు. ఎర్రచీమల పచ్చడి కూడా తిన్నాను. మరదలికి చెప్పకు, నేను వడ్డిస్తే తినదు.

మొదటి నెలలు వాడికి ఎట్లా గడిచాయో దాచను. దాచితే నా వాదన బలహీనపడుతుంది. తనకు ఎట్లా చెప్పారో అట్లాగే చెప్పాడు. బోర్డు నిండా రాయడం, పిల్లలు నకలు చేసుకోవడం, తప్పితే బెత్తం. వాడి తరగతిలో ఎవరెవరున్నారనుకున్నావు? హిందీ వాళ్లు కొందరు, హల్బీ వాళ్లు ఎక్కువ, కోంట వైపు నుంచి వచ్చిన కోయపిల్లలు ఇద్దరు ముగ్గురు. వీళ్లలో సోమడు అనేవాడికి మన తెలుగు వచ్చు. బోర్డింగులో ఉంటాడు. సాయంత్రాలు లెక్కలు చెప్పించుకోవడానికి మా వసారాకు వస్తాడు, నా తిట్లు వినడానికి ఇంకాస్త ముందే వస్తాడు.

బీజగణితమని ఒకటుందట. అందులో తెలియని దానికి 'ఎక్స్' అని పేరు పెడతారట. రాఘవులు మొదటి లెక్క చెప్పాడు. ఎక్స్‌కు మూడు కలిపితే ఎనిమిది, ఎక్స్ ఎంత? అయిదు అని తేల్చి, బోర్డు మీద గీత గీశాడు. పిల్లలందరూ రాసుకున్నారు. తరువాత పరీక్ష పెడితే ఏ లెక్కలో ఎక్స్ కనబడినా తరగతి మొత్తం అయిదు అని రాసింది! ఎక్స్ తొమ్మిది కావలసిన చోట అయిదే, పన్నెండు కావలసిన చోటా అయిదే. వాడు బెత్తం తీస్తే సోమడు లేచి నిలబడ్డాడట.

"ఎక్స్ అంటే అయిదని మీరే చెప్పినారు గద, సార్. ఇప్పుడేమో తొమ్మిదంటున్నరు. మా ఊళ్లో ఒకసారి చెప్పిన మాట తప్పితే పెద్దలు కూర్చోబెట్టి జుర్మానా వేస్తరు."

రాఘవులు బెత్తం దించి ఇంటికి వచ్చేశాడు. హెడ్మాస్టరు పిలిచి, "ఏమిటీ రిజల్టు? జనవరిలో ఇన్‌స్పెక్టరు సాహెబు వస్తారు. ఆయన చూసి సరే అంటేనే నీ నౌకరీ పక్కా అవుతుంది, లేకపోతే నీ దారి నీదే," అన్నాడట. నీ డిపో ఉత్తరం సరిగ్గా అప్పుడే వచ్చింది, కోటయ్యా. ఆ సమయంలో నేనూ ఊగానని ఒప్పుకుంటాను. మూట కట్టమంటే కట్టేదాన్నే.

ఇక్కడే కుమ్మరి బుధ్‌రామ్ సంగతి వస్తుంది.

ఈ దేశంలో బరువంతా కావడి మీదే నడుస్తుంది. ధాన్యం, కట్టెలు, కుండలు, ఆఖరికి చంటిపిల్లలు కూడా. బద్దకు అటొక ఉట్టి, ఇటొక ఉట్టి. బుధ్‌రామ్ వారం వారం కుండల కావడితో మా వీధి వెంట సంతకు పోతాడు. ఆ వేళ నాకొక ముంత కావలసివచ్చింది. ఆగమంటే ఆగాడు. కావడి దించుతానంటే, "ఒక్క ముంతకు దించుడెందుకయ్యా, నిలబడు," అన్నాను. అతని భుజం మీద ఉండగానే ముందు ఉట్టిలోంచి ఒక ముంత లాగాను. అది చిన్నదనిపించి, కింద ఉన్న పెద్ద కుండ కూడా లాగాను. అంతే! ముందు పక్క తేలి, వెనక పక్క దిగబడింది. బద్ద అతని భుజం మీంచి జారి కుండలన్నీ రాళ్ల మీద పడ్డాయి.

అతను వాళ్ల మాటలో, నేను మన మాటలో, ఇద్దరం వీధి కదిలేలా అరుచుకున్నాం. తప్పు నాది కాదు. బిగించి పట్టుకోనివాడిది. వసారాలో సోమడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఎందుకురా ఆ ఇకిలింపు?" అన్నాను.

"ఒక పక్క నుంచే తీస్తే కావడి ఊకుంటదా, నాయనమ్మా? ఇటొకటి తీస్తే అటొకటి తీయాలె. మా ఇంట్ల పాలు తాగే పిల్లకు కూడ తెలుసు!"

లోపలినుంచి రాఘవులు వచ్చాడు. పగిలిన కుండలను చూడలేదు, ఏడవబోతున్న కుమ్మరిని చూడలేదు, నన్ను అసలే చూడలేదు. సోమణ్ణే చూస్తున్నాడు.

"మళ్లీ చెప్పు," అన్నాడు.

"ఏంది సార్?"

"ఇప్పుడన్నది."

వాడు మళ్లీ చెప్పాడు. రాఘవులు గబగబా వెళ్లి బుధ్‌రామ్ చేతులు పట్టుకుని, ఆ కావడి, ఖాళీ ఉట్లు, మిగిలిన ముంతలు తనకు కొన్నాళ్లు ఇమ్మన్నాడు. అతను నన్ను అనుమానంగా చూశాడు. కడుపునిండా గంజి పోసి, ఒక కొలత ధాన్యం ఒళ్లో పోశాక అతని కోపం చల్లారింది. నాది ఇంకా పూర్తిగా చల్లారలేదు.

మర్నాడు రాఘవులు తరగతి గది దూలానికి ఆ కావడి బద్దను నడిమికి కట్టి వేలాడదీశాడు. ఒక ఉట్టిలో గుడ్డమూట, దాని పక్కన మూడు ముంతలు. రెండో ఉట్టిలో ఎనిమిది ముంతలు. కావడి సమంగా నిలిచింది. "ఈ మూట పేరు ఎక్స్. లోపల ఎన్ని ముంతలున్నాయో విప్పకుండా చెప్పాలి," అన్నాడు. అప్పుడు సోమడు లేచి ఇటునుంచి ఒక ముంత, అటునుంచి ఒక ముంత, మళ్లీ ఇటొకటి, అటొకటి, మూడోసారి కూడా అట్లాగే దించాడు. ఇటు మూట ఒక్కటే మిగిలింది, అటు అయిదు ముంతలు. మూట విప్పితే అయిదు.

మర్నాడు అదే గుడ్డలో వేరే లెక్క కట్టాడు. ఈసారి తొమ్మిది తేలాయి. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక హల్బీ పిల్లవాడు, "అయితే సార్ మాట తప్పలేదు! గుడ్డ అదే, సరుకు మార్చారు," అని అరిచాడట. ఆ మాట నాకు చెబుతూ రాఘవులు కళ్లు తుడుచుకున్నాడు, తమ్ముడూ. డిపోలో దుంగలు చూస్తూ అట్లా కళ్లు తుడుచుకునేవాడా వాడు?

అప్పటినుంచి వాడి తరగతి తీరే మారిపోయింది. బెత్తం ఇంటికి తెచ్చాడు, నేను దానితో కోళ్లను అదిలిస్తున్నాను. పిల్లవాడు ముందు తన మాటలో జవాబు చెప్పాలి, హల్బీ కానీ, గోండీ కానీ, తెలుగు కానీ. పక్కవాడు దాన్ని హిందీలో చెప్పాలి. ఆ తరువాతే బోర్డు మీదికి ఎక్కుతుంది. జవాబు తప్పయితే రాఘవులు కాదనడు, చెరపడు. దాన్ని కావడి మీద పెట్టి చూపిస్తాడు. కావడి ఒరిగితే చెప్పినవాడే వచ్చి సరిచేసుకుంటాడు. లెక్క గట్టిపడిన పిల్లలకు కావడి తీసేసి, సుద్దముక్కతో కావడి బొమ్మ గీసుకోమంటాడు. ఆ పైన బొమ్మ కూడా వద్దంటాడు. ఇదంతా నాకెట్లా తెలుసంటే, మధ్యాహ్నం అన్నం తీసుకెళ్లే వంకతో కిటికీ పక్క గట్టు మీద కూర్చుంటాను. హెడ్మాస్టరు మొదట వెళ్లిపొమ్మన్నాడు. నేను హిందీ రానట్టు కూర్చున్నాను. ఇప్పుడు ఆయనే బంట్రోతుతో పీట వేయిస్తున్నాడు.

ఇన్‌స్పెక్టరు సాహెబు వచ్చిన రోజు కూడా ఆ గట్టు మీదే ఉన్నాను. తెల్లటి టోపీ, నిగనిగలాడే బూట్లు. లోపల అడుగుపెడుతూనే కావడిని చూసి, "ఇది పాఠశాలా, కుమ్మరి దుకాణమా?" అన్నాడు. హెడ్మాస్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. రాఘవులు సుద్దముక్క కింద పెట్టి నిలబడ్డాడు. సాహెబు వేలు చూపించి సోమణ్ణి లేపాడు.

"ఎక్స్ అంటే ఎంత?"

సోమడు తలగోక్కున్నాడు. "ఏ రోజుది, సాబ్?"

సాహెబు కనుబొమలు పైకి పోయాయి. సోమడు భయపడకుండా, "సాబ్, ఎక్స్ మూట పేరు. ఎందులో పెట్టారో చెబితే విప్పి ఇస్తాను," అన్నాడు. సాహెబు నవ్వలేదు, కోప్పడలేదు. కావడి దగ్గరకు వచ్చి ఒక ఉట్టిలోంచి ముంత ఎత్తి చూడబోయాడు. అప్పుడు తరగతి తరగతంతా లేచి ఒక్క గొంతుతో అరిచింది: "దూస్రీ తరఫ్ సే భీ, సాబ్!" రెండో పక్క నుంచి కూడా తీయండి అని! ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు, తమ్ముడూ. ఆ వెనక బెంచీ వాడైతే బెంచీ ఎక్కాడు.

సాహెబు చెయ్యి గాలిలో ఆగిపోయింది. నెమ్మదిగా ఎడమచేత్తో రెండో ఉట్టిలోంచి కూడా ఒక ముంత తీశాడు. రెండు చేతుల్లో రెండు ముంతలు పట్టుకుని, అంత పెద్ద మనిషి, ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు. కావడి కదలలేదు. అప్పుడు నవ్వాడు. తరువాత బోర్డు మీద తనే ఒక కష్టమైన లెక్క రాశాడు. పిల్లలు దాన్ని కావడి ముట్టకుండా సుద్దముక్కతోనే చేశారు.

రాఘవులు నౌకరీ పక్కా అయింది. కాగితం మీద మొహరు పడింది. ఇల్లూ బడివాళ్లే ఇచ్చారు, రెండు గదులు, వెనక జామచెట్టు.

ఇప్పుడు నా వాదన విను, కోటయ్యా. వాణ్ణి బడి దింపి రమ్మంటున్నావు, అప్పుడు పిల్లను ఎక్కిస్తానంటున్నావు. కావడి ఒక పక్క ఖాళీ చేసి రెండో పక్క నింపుతానంటే అది నిలుస్తుందా? వాడి బతుకు ఒక ఉట్టిలో ఆ బడి ఉంది. దాన్ని లాగేస్తే సీతాలు వచ్చి పడేది ఒరిగిన కావడిలో. ఒక గుమాస్తా పక్కన కూర్చుని, వాడెందుకు నవ్వడో తెలియక ఆ పిల్ల ముసలిదవుతుంది. ముంత లాగితే ఏమవుతుందో నేను ఈ వీధిలో చూశాను. నువ్వు చూడకముందే ఆగు.

అడవిలో పిల్ల ఎట్లా ఉంటుందని రాశావు. నేను ఉండలేదా? పులులంటావు, ఒక్కటీ నా మొహం చూడడానికి రాలేదు. చలి ఉంది, రగ్గులూ ఉన్నాయి. ఒంటరితనమంటావా, అది నిజం. ఆ పిల్లకు మన మాట మాట్లాడడానికి నేనున్నాను. నాకు మాట్లాడడానికి ఆ పిల్ల ఉంటుంది. ఇదీ రెండు పక్కల లెక్కే.

నువ్వు అడగని మాట ఒకటి ఉంది, నేను అడుగుతున్నాను. ఈ ఉత్తరం ఇంతవరకూ చదివావు గదా, ఇప్పుడు ఆపి సీతాలు వైపు తిరుగు. "అమ్మా, నీకు డిపో గుమాస్తా కావాలా, కావడి మాస్టరు కావాలా?" అని అడుగు. నీ కోసం కాదు, దాని కోసం చెప్పమను. అది కాదంటే నేను మారుమాట అనను, వాడికి నేనే నచ్చజెబుతాను. అవునంటే మాత్రం నువ్వు మారుమాట అనకూడదు.

అది అవునంటే ఉగాది దాటగానే కోంట వరకు తీసుకురండి. అక్కడికి మేం బండి తెస్తాం. వచ్చేటప్పుడు మామిడి తాండ్ర, కాస్త తాటిబెల్లం, అమ్మ వాడిన కొలత మానిక తేవాలి. ఇక్కడి కొలతల మీద నాకు నమ్మకం లేదు, పిల్ల ఈ గడపలో మొదటి బియ్యం మన మానికతోనే కొలవాలి. మొదటి కొలతకు 'లాభం' అని నేను గట్టిగా అంటాను, రెండు నుంచి అది లెక్కపెట్టుకుంటుంది.

మేనత్తకు నా దండాలు చెప్పు. నాకంటే పెద్దది ఆమె ఒక్కతే మిగిలింది, ఆమె ఈ పిల్లల తల మీద చెయ్యి పెట్టి ఒక మాట అంటే చాలు. మరదలికి, కొడుకూ కోడలికి, ఇంటిల్లిపాదికీ నా దీవెనలు. మేం బాగున్నాం, మళ్లీ చెబుతున్నాను, దిగులు పడవద్దు. పోట్లాడినందుకు కోపం తెచ్చుకోవద్దు. చిన్నప్పటినుంచీ నీతో పోట్లాడింది నేనే, నీ తరఫున ఊరితో పోట్లాడిందీ నేనే.

వీరాస్వామి చదివి వినిపించాడు. ఒక్క మాటా మెత్తబడలేదు. నా వేలిముద్ర వేస్తున్నాను.

రామక్క నిశాని.

రాసినవాడు: దర్జీ వీరాస్వామి.

సాక్షులు: సోమడు, హైస్కూలు విద్యార్థి, సొంత చేవ్రాలు.

కుమ్మరి బుధ్‌రామ్, వేలిముద్ర. ఈ ముసలమ్మ చెప్పిందంతా నిజమేనని, కుండల విషయంలో తప్ప, ఇతను చెప్పగా రాయడమైనది.